డాక్టరు జెర్డనుగారును కలివికోడియు

భారతదేశమునందలి పక్షులను, మృగములను గూర్చి క్రమముగా గ్రంథములు వ్రాసినవారిలో డాక్టరు థామసు కేవర్‌హిల్ జెర్డనుగారు మొదటివరుసలోనివారు. ఆయన మృతినొంది నూటయేఁబది యేండ్లు దాఁటినది. వృత్తిచే వైద్యులు; అభిరుచిచేఁ బ్రకృతిశాస్త్రజ్ఞులు. తెలుఁగుదేశమునందును, దాని పొరుగునందును దప్ప లోకమున మఱెక్కడను గానరాని కలివికోడి యను పక్షికి ఇంగ్లీషువారు ఆయన పేరే పెట్టిరి. ఆయన చరిత్రమును మన విద్యార్థు లెఱుఁగుటకు ఆ యొక్క కారణమే చాలును గాని, మఱియొకటియుఁ గలదు. నశించిపోవుచున్న జంతుజాతిని రక్షించుటకై దానిని బట్టి బంధించి పెంచుట న్యాయమా, కాదా యను ప్రశ్న నేఁడు మన దేశమునఁ దఱచుగా వినఁబడుచున్నది. జెర్డనుగారు దీనికి సమాధానమేమియు వ్రాయలేదు. ఆయన కాలమున నట్టి ప్రశ్నయే పుట్టియుండలేదు. కాని ఆయన యింట పెరిగిన రెండు జంతువుల కథలును, ఆయన పేరు మోయుచున్న పక్షి కథయు విన్నచో ఆ ప్రశ్నను విచారించుటకుఁ గావలసిన సామగ్రి మనకు దొరకును.

జెర్డనుగారు 1811 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీని ఇంగ్లండునందలి డర్హము మండలమున జన్మించిరి. తండ్రి ఆర్చిబాల్డు జెర్డనుగారు. వంశము స్కాట్లండు సరిహద్దు సీమది. ఎడింబరో విశ్వవిద్యాలయమునఁ జేరిన పిమ్మట, జేమ్‌సన్ అను ప్రసిద్ధాచార్యుని యొద్దఁ బ్రకృతిశాస్త్రమును, తరువాత వైద్యమును అభ్యసించిరి. ఈస్టిండియా కంపెనీవారి కొలువున అసిస్టెంటు సర్జనుగాఁ గుదురుకొని, 1836 ఫిబ్రవరిలోఁ జెన్నపట్టణమున నోడ దిగిరి. మొదట వారిని గంజాము జిల్లాకుఁ బంపిరి. అప్పుడది చెన్నరాజధానిలోనిది. అచ్చటి సేనలో జ్వరములును, గ్రహణివ్యాధియుఁ బ్రబలియుండెను. పగలెల్ల రోగులకు మందులిచ్చుచు, తీరిక దొరకినప్పుడు తూర్పుకనుమల యడవులలోఁ బక్షులను బరిశీలించుచు ఆయన తన పని నారంభించిరి. మఱుసటి యేఁట ఒక గుఱ్ఱపుదళమునకు వైద్యులై తిరుచిరాపల్లికిని, అచ్చటినుండి దక్కనులోని జాల్నాకును వెడలిరి. 1841 లో నీలగిరులయందు వివాహమాడిరి. ఆయన భార్య ఫ్లోరాగారు పుష్పములను జిత్రించుటలో నేర్పరి.

ఆ కాలపు పక్షిశాస్త్రమనఁగా నెట్టిదో మన విద్యార్థులు తెలిసికొనవలెను. నేఁటివలె దూరదర్శినులు పట్టుకొని, పుస్తకము తెఱచి పక్షిని గుఱుతించుట నాఁడు లేదు. పక్షిని దుపాకితోఁ గాల్చి, చర్మ మొలిచి, దూది కూరి, చీటీ కట్టి పెట్టెలో నుంచుటయే పక్షిని దెలిసికొనుట. జెర్డనుగారును అట్లే చేసిరి. తాము సేకరించిన చర్మములలో నొక జతను పేరులు నిర్ణయించుటకై స్కాట్లండులోని జార్డిన్ అను శాస్త్రజ్ఞునికిఁ బంపిరి. సముద్రముపై నెలల తరబడి పయనించి ఆ పెట్టె చేరునప్పటికి అందలి చర్మములకుఁ జిమ్మటలు పట్టినవి. ఇఁక నొరులపై నాధారపడక తామే పేరులు నిర్ణయించుకొన నిశ్చయించి, చెన్నపట్టణపు పత్రికలో దక్షిణదేశపక్షుల పట్టిక నొకదానిఁ బ్రకటించిరి. అన్ని ప్రాణములు పోయి చిమ్మటల పాలైనవే యని మనకుఁ దోఁచును. వారికి అట్లు దోఁచియుండదు. అడవులు తరుగనివని, పక్షులు తఱుగని ధనమని అందఱును నమ్మిన కాలమది.

పిమ్మట జెర్డనుగారు నెల్లూరి సివిలు సర్జనులైరి. తెలుఁగువారికి ఆయన ముఖ్యముగాఁ బరిచితులైన దిచ్చటనే. ఆ జిల్లాలోని యానాదులు అడవిని ఇంటివలె నెఱిఁగినవారు. ఏ పొదలో నే పిట్ట గ్రుడ్డు పెట్టునో, ఏ జంతువు ఏ రాత్రి ఏ దారిన నడచునో వారికిఁ దెలియును. జెర్డనుగారు వారియొద్దఁ గూర్చుండి ఆ సంగతులు విని వ్రాసికొనిరి. తరువాతి గ్రంథములలో ప్రతి జంతువునకును లాటిను పేరు ప్రక్కనే, తెలిసినంతవఱకు, తెలుఁగు పేరును గూడఁ జేర్చిరి. అప్పటి దొరలలో నిది యంత సామాన్యమైన గుణము కాదు. 1843 మొదలు 1847 వఱకు చెన్నపట్టణమున భాగములుగా వెలువడిన ఆయన పక్షిచిత్రముల గ్రంథమునకు బొమ్మలు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే.

నెల్లూరు, కడప జిల్లాల నడిమి కొండసీమలలో, రాళ్లును ముళ్లపొదలునుగల నేలపై, రెండు గోధుమవన్నె పట్టెలు ఱొమ్మున ధరించిన యొక చిన్న పక్షిని జెర్డనుగారు సంపాదించిరి. దాని నిడివి జానెడుకంటె కొంచె మెక్కువ. కన్నులు మాత్రము పెద్దవి. రాత్రులయందుఁ దిరుగునది గనుక. కలకత్తాలోని బ్లైత్ అను శాస్త్రజ్ఞుఁడు 1848 లో దానికి, రెండు పట్టెలుగలదను నర్థము వచ్చునట్లు, లాటిను పేరు పెట్టెను. ఇదియే కలివికోడి. కలివిపొదలలోఁ దిరుగుటచే మనవారు దాని నట్లు పిలిచిరి.

జెర్డనుగారి యిండ్లలోఁ జంతువులు పెరుగుట మామూలు. వారు మలబారు తీరమునందలి తలచేరిలో సివిలు సర్జనులుగా నున్నప్పుడు ఒక నీరుకుక్కపిల్లను, ఒక టెరియరు కుక్కపిల్లతోఁ గలిపి పెంచిరి. నీరుకుక్క యనఁగా నేమో పెద్దాపురము పిల్లలకు నేను వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. ఇచ్చటికి దూరముకాని కోరింగ మడయడవులలో నేఁటికిని నీరుకుక్కలు చేఁపలను వేఁటాడుచున్నవి. జెర్డనుగారి నీరుకుక్క ఆయన వెంటఁ గుక్కవలె నడచెడిది. వయసు వచ్చినకొలఁది దానికి స్వేచ్ఛాబుద్ధి కలిగెను. ఒకనాఁడు తనంత బజారునకుఁ బోయి, ఒక మాపిళ్లావాని యొద్దనున్న పెద్ద చేఁపను నోటఁ గఱచుకొనెను. అతఁ డడ్డగింపఁగా నది మీఁదికి లేచిన తీరు చూచి, చేఁప గలవాఁడే చేఁపను విడువవలసి వచ్చెను. అది మొదలు ఆ జంతువునకు బజారుదోపిడి నిత్యకృత్యమయ్యెను. చేఁపల వెలకు మించి చెల్లింపవలసివచ్చి, వైద్యులవారు విసిగి దానిని వదలించుకొనఁ దలఁచిరి.

దానిని మూసిన పెట్టెలో నుంచి, కొంత కాలము ఆహార మీయక, పడవ మీఁద ఏడెనిమిది మైళ్ల దూరము ఉప్పుటేళ్ల వెంబడి తామే తీసికొనిపోయి, నీరు నిండిన వరిచేలలో విడిచిరి. అది కనుమఱుఁగైన పిదప వేఱొక దారిని పడవలో మరలి వచ్చిరి. నాఁడు మొహఱ్ఱము పండుగ. ఆ రాత్రి తొమ్మిదిగంటల వేళ ఊరిలోని యొక పందిట వారు ఉత్సవము చూచుచుండఁగా, నీరుకుక్క జనసమూహము నడుమ నడచి వచ్చి ఆయన కాళ్లకడఁ బండుకొనెను.

ఈ కథను జెర్డనుగారు వినోదముగనే వ్రాసిరి. చదివినవారు నవ్వుదురు, నవ్వఁదగినదే. కాని నాకు దీనిలో వినోదముకంటె దుఃఖమే యెక్కువ కనఁబడుచున్నది. ఆ జంతువునకు ఏటినీరు ముందున్నది, చేఁపలున్నవి, అడ్డగించువాఁడు లేఁడు. అయినను అది పందిటిలోని దీపములను, మనుష్యులను వెదకికొని వచ్చెను. పంజరము తలుపు తెఱచిన మాత్రమున జంతువు స్వతంత్రము కాదు. తల్లి నేర్పవలసినదానిని మనము నేర్పలేము. మన మలవఱచినదానిని అది మఱవలేదు.

రెండవ కథ మధ్యదేశమునందలి సాగరు పట్టణముది. అచ్చట జెర్డనుగారు ఒక చీతాపిల్లను వేఁటకుక్కపిల్లలతోఁ బెంచి బిల్లీ యని పేరు పెట్టిరి. అది పిల్లివలె గుఱగుఱలాడెడిది. ఆయన గుఱ్ఱమెక్కి పోవుచుండఁగాఁ గొంతసేపు కూర్చుండి, మరల నొక్క పరుగున వచ్చి కలిసికొనెడిది. గడ్డిమేటిపైనో, చెట్టుమోటిపైనో యెక్కి నలుదిక్కులఁ జూచెడిది. ఆయన గొఱ్ఱెలపైఁ బడఁగా కొరడాతో మాన్పించిరి. గాడిదలపైఁ బడఁగా అవియే తన్ని బుద్ధి చెప్పినవి. వేఁట నేర్పుటకై చిన్నజింకలను దెప్పించి దాని యెదుట విడిచిరి. అది వానిని సుళువుగా నందుకొనెను గాని, క్రిందఁ బడఁద్రోయు నేర్పు దానికి లేదు, పట్టినదానిని విడిచిపెట్టెడిది. జింక మిక్కిలి దూరము పోయినచో మానుకొనెడిది. అది కొంచెము కొంచెముగాఁ బని నేర్చుకొనుచుండఁగనే జెర్డనుగారు సేనతోఁ బోవలసి వచ్చి దానిని మఱొకరి వశము చేసిరి.

చీతాలను బట్టి వేఁటకు మలచువారు ఈ సంగతి ముందే యెఱుఁగుదురు. అందుచేతనే వారు పిల్లలను బట్టువారు కారు. తల్లియొద్ద వేఁట పూర్తిగా నేర్చిన పెద్ద చీతాను, అది తఱచుగా వచ్చి గోళ్లు గీఁచు చెట్టుచుట్టును ఉరులు పన్ని పట్టెడివారు. ఇట్లు ఏఁటేఁట అడవినుండి యౌవనముననున్న జంతువులే తరలిపోయినవి. వాని స్థానమునఁ జెఱలోఁ బిల్లలు పుట్టలేదు. అక్బరు పాదుషా కొలువున వేయి చీతాలుండినను, అవి జతకూడునట్లు చేసిన ప్రయత్నములు ఫలింపలేదని జహంగీరు తన చరిత్రమున వ్రాసికొనెను. తన యేలుబడిలో నొక్కమాఱు మూఁడు పిల్లలు పుట్టుట ఆయన కెంతో వింతయైనది. తోళ్ల వేఁటయు, బీళ్లు దుక్కికి వచ్చుటయు దీనికిఁ దోడై, 1952 నాఁటికి భారతదేశమున చీతా లేదని ప్రభుత్వమే ప్రకటింపవలసి వచ్చెను. 2022 సెప్టెంబరులో ఆఫ్రికాలోని నమీబియానుండి ఎనిమిది చీతాలను విమానముపైఁ దెచ్చి మధ్యప్రదేశ్ లోని కూనో వనమున నుంచిరి; మఱుసటి యేఁడు దక్షిణాఫ్రికానుండి మఱి పండ్రెండు వచ్చినవి. కొన్ని మరణించినవి, కొన్ని పిల్లలను గన్నవి. రాజులు వినోదమునకుఁ జేసిన ఖర్చు ఇప్పుడు మఱొకవిధముగాఁ జెల్లించుచున్నాము.

జెర్డనుగారి మిగిలిన జీవితమును సంగ్రహముగాఁ జెప్పుదును. చీమలను, చేఁపలను, సర్పములనుగూడ వారు విడువలేదు. ఎగిరి గంతువేయు నొక జాతి చీమను 1851 లో వారే మొదట వర్ణించిరి. లార్డు కానింగుగారి యాదరమువలన, వైద్యపుఁ బనినుండి విడుదల పొంది, 1862 మొదలు 1864 వఱకు భారతదేశపక్షుల మహాగ్రంథమును వెలువరించిరి. తరువాత ముప్పదియేండ్లు పక్షులను గూర్చి తెలియఁగోరినవా రందఱికిని అదియే చేతిపుస్తకము. 1867 లో క్షీరదములను గూర్చిన గ్రంథము వచ్చినది. నీరుకుక్క కథయు, చీతా కథయు దానిలోనివే. 1868 లో ఉద్యోగము చాలించుకొని, 1870 లో ఇంగ్లండునకు మరలి, 1872 జూను 12 వ తేదీని మరణించిరి.

ఆయనకుఁ దరువాత ఆ పక్షి మిగిలెను, అదియుఁ గొలఁదికాలమే. బ్లాన్‌ఫర్డ్ అను నతఁడు మన గోదావరిలోయలో సిరొంచ, భద్రాచలముల ప్రాంతమున దానిని జూచినట్లు వ్రాసెను. పాపికొండలకు ఎగువనే యన్నమాట. 1900 లో అనంతపురము దగ్గర నొకరు కనుఁగొనిరి. అటుపిమ్మట ఎనుబదియైదేండ్లు ఎవరికిని గనఁబడలేదు. శాస్త్రజ్ఞులు పలుమాఱులు వెదకి వేసారిరి. అది నశించినదని వ్రాసినవారును గలరు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్రసంఘమువారి పక్షము ఒకరు కడపజిల్లాకు వచ్చి, పల్లెపల్లెకును దిరిగి ఆ పక్షి బొమ్మను వేఁటకాండ్రకుఁ జూపిరి. రెడ్డిపల్లె ప్రాంతపు ఐతన్న యను వేఁటగాఁడు దానిని గుఱుతించెను. పండితులు పోయినదనుకొన్న పక్షిని అతఁడు కలివికోడి యని పేరుపెట్టి చెప్పెను. అంతటితో నూరకుండక, ఒక రాత్రి దీపపువెలుఁగున దానిని బ్రాణములతోఁ బట్టి తెచ్చెను. లోకమంతయు సంతోషించినది. పంజరమున నుంచిన ఆ పక్షి కొలఁదిదినములకే చచ్చిపోయెను.

ఐతన్నను దప్పుపట్టువాఁడ నేను గాను. చూపకున్నచో ఎవరును నమ్మియుండరు. అతఁడు పట్టి చూపుటచేతనే ఆ ముళ్లబీళ్లకు విలువ వచ్చినది. 1988 లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. ఆ యొక్క పక్షి తన జాతికై బలియయ్యెనని చెప్పవచ్చును. కాని బలి యిమ్మని దాని నెవ రడిగిరి? ఇచ్చటనే మన ప్రశ్న యంతయు నున్నది. ఒక ప్రాణిని బంధించు నధికారము, దాని జాతి మేలు కోరువాఁడనని చెప్పుకొన్న మాత్రమున మనకు వచ్చునా?

వచ్చిన సందర్భములు కలవు. కుందేలంత మాత్రమే యుండు మూషికజింకను హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో 2010 మొదలు పెంచి, సంతతి వృద్ధియైన పిమ్మట నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. చూడవచ్చువారికిఁ గానరాకుండఁ బెంచి, విడుచుటకు ముందు అడవిలోనే కంచెవేసిన చోటఁ గొంతకాల ముంచి, అడవిమేఁతకు మరపిరి. జెర్డనుగారి నీరుకుక్క కిట్టి దశ జరుగలేదు. కర్నూలు సీమలోని రోళ్లపాడు బీళ్లనుండి మాయమైన బట్టమేకపిట్ట సంగతి వేఱు. రాజస్థానమున మిగిలిన కొలఁది పక్షుల గ్రుడ్లను 2019 మొదలుకొని యెత్తి తెచ్చి యంత్రములలోఁ బొదిగించి పెంచుచున్నారు. మనుష్యులచేతఁ బెరిగిన పిట్ట మనుష్యుని జూచి బెదరదు. కనుక దానిని విడువరాదు. దాని పిల్లల పిల్లలనైనను విడువవచ్చునేమో యని యాశ. మొదటితరమువాని బ్రదుకంతయుఁ జెఱయే. అయినను, ఆ జాతికి మఱొక దారి కనఁబడనప్పుడు, నేను దీనిని గాదనలేను. విడుచునాఁటికి విద్యుత్తీఁగెలు లేని బీళ్లు మిగిల్చి యుంచుట మాత్రము పెంచువారి ఋణము. బీడు లేనిచోఁ బెంపకము ప్రదర్శనగా మాఱిపోవును.

కలివికోడి విషయమున ఈ ఋణము తీర్చుట యెంత కష్టమో గోదావరిడెల్టావారు బాగుగా నెఱుఁగఁగలరు. జెర్డనుగారు తలచేరిలో నున్న దినములలోనే కాటనుదొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టుచుండిరి. అది 1852 లోఁ బూర్తియైనది. కాలువనీరు వచ్చిననాఁడు బీడు పొలమగుట మన పెద్దలు కన్నులఁ జూచినది. ఆ యన్నము మనము తినుచున్నాము. రాయలసీమవారును అట్టి నీటినే కోరిరి. కృష్ణనీటిని గొనిపోవు తెలుఁగుగంగ కాలువ కలివికోడి చివరి యునికిపట్టు గుండఁ ద్రవ్వఁబడసాగెను. 2005 లో అనుమతిలేని త్రవ్వకముచేఁ గొంత బీడు చెడిపోయినది. తగవు ఉన్నతస్థానమునకు వెళ్లి, తుదకుఁ గాలువ దారి మార్చఁబడెను. నీరు మానలేదు, వంకర తిరిగి పోయినది. ఆ వంకరకైన ఖర్చు ఒక పిట్టకొఱకా యని యడుగువారున్నారు. పంజరమున దాని నుంచి పోషించుట చవుకగదా యనువారును గలరు. అట్లనువారికిఁ జీతా చరిత్ర చదువుమని చెప్పుదును.

పట్టకుండఁ దెలిసికొను మార్గములును ఇప్పుడు గలవు. పొదల నడుమ మెత్తని మన్నును సన్నని పట్టీలుగాఁ బఱచి, తెల్లవాఱి దానిపై నడచిన యడుగులను గొలుతురు. కలివికోడి యడుగు మఱియే పిట్ట యడుగుతోను గలియదు. చీఁకటిలోఁ దానే తీయు ఛాయాగ్రహణయంత్రమును నిలుపుదురు. 2001 లో దాని కూఁత మొదట పట్టువడినది. ఆ కూఁతను వినిపించి బదులుకొఱకు ఆలకింతురు. దుపాకి, వల, పంజరము ఏదియు లేదు. జెర్డనుగారు చూచినచో అసూయపడియుందురు. అయినను ఈ శతాబ్దపు మొదటి దశాబ్దము గడచినపిదప చాల యేండ్లు దాని జాడయే దొరకలేదు. దానిని బట్టి పెంచవలెనా యను చర్చ విద్వాంసులలోఁ గలదు. దాని గూడెట్టిదో, పిల్లల నెట్లు పెంచునో నేఁటికిని సరిగాఁ దెలియదు. తెలియని ప్రాణికి దాదిగా నుండఁబోవుట సాహసము. 1986 నాఁటి పంజరమును మఱవకుండ, మొదట బీళ్లను నిలుపవలెనని నా యభిప్రాయము.

ఆ పక్షి గ్రుడ్డు మాత్రము లోకమున నొక్కటి యున్నది. 1917 లో కోలారు బంగారుగనుల ప్రాంతమున నెవరో సంపాదించినది, చేతులు మాఱి స్కాట్లండునందలి అబర్డీను విశ్వవిద్యాలయపు వస్తుశాలకుఁ జేరెను. అచ్చట నది యేదోయని యెవరును పట్టించుకొనక బీరువాలోఁ బడియుండెను. 2013 లో ఆ విశ్వవిద్యాలయమువారు దాని పెంకులోని జీవాంశమును, జెర్డనుగారి పక్షుల పాత చర్మములలోని జీవాంశమును పోల్చి చూచి, అది కలివికోడి గ్రుడ్డేయని నిర్ణయించిరి.